తాళం 256 బిట్లు.. పాస్‌వర్డ్ ఫోన్ నంబరా?

‘డబ్ల్యూపీఏ2లో కీ లెంగ్త్ ఎంత?’

నా మొదటి ఆఫ్ క్యాంపస్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. ‘128 బిట్లు’ అన్నాను. ‘మరి 256 అని కూడా అంటారు కదా, అదేంటి?’ అన్నారు. నోరు పెగల్లేదు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి, రోజూ వైఫై వాడుతూ కూడా ఆ రెండు అంకెల తేడా చెప్పలేకపోయాను. ఆ ఉద్యోగం రాలేదు. జవాబు మీద గట్టిగా కూర్చున్నది ఆ తర్వాత పర్చూరులో మా బాబాయి ఇంటికి వెళ్లినప్పుడే.

బాబాయిది పురుగుమందుల కొట్టు. మిర్చి, పత్తి సీజన్‌లో ఊపిరి సలపదు. ‘ఒరేయ్, నెట్ బాగా స్లో అయింది, ఓసారి చూడరా’ అన్నాడు. రూటర్ సెట్టింగ్స్ తెరిచాను. ఇంట్లో ఉన్నవి నాలుగు ఫోన్లు, ఒక టీవీ. కనెక్ట్ అయి ఉన్నవి పదకొండు! ‘పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా బాబాయ్?’ అంటే, ‘ఎవరికీ చెప్పలేదురా. నా ఫోన్ నంబరే కదా పెట్టింది’ అన్నాడు. ఆ నంబరు కొట్టు బోర్డు మీద ఎర్ర రంగుతో, రోడ్డు అవతలి నుంచి కూడా కనిపించేలా రాసి ఉంది.

నవ్వుకునే ముందు మీ ఇంట్లో, మీ హాస్టల్ గదిలో ఏం పాస్‌వర్డ్ ఉందో గుర్తు చేసుకోండి.

బిట్ పెరిగితే ఏమవుతుంది?

కీలో ఒక్క బిట్ పెరిగితే సాధ్యమయ్యే తాళంచెవుల సంఖ్య రెట్టింపవుతుంది. 10 బిట్లకు 1,024. 20 బిట్లకు పది లక్షలు దాటుతాయి. 40 బిట్లకు సుమారు 1.1 లక్షల కోట్లు. 128 బిట్లకైతే 39 అంకెల సంఖ్య. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసి ఒక్కొక్కటీ వేసి చూసినా తెమిలే పని కాదు.

పొడుగొక్కటే చాలదు

1997లో వైఫైతో పాటు వచ్చిన తొలి రక్షణ పద్ధతి డబ్ల్యూఈపీ. డబ్బా మీద ‘64 బిట్’ అని ఉండేది. నిజానికి రహస్యం 40 బిట్లే. మిగతా 24 బిట్లు గాలిలో అందరికీ కనిపించేలా వెళ్లేవి. తర్వాత ‘128 బిట్’ అన్నారు, అందులోనూ రహస్యం 104 బిట్లే. అయినా అది తక్కువేం కాదు. కానీ ఆర్‌సీ4ను వాడిన తీరులోనే లోపం ఉందని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ చూపించారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ఆ 104 బిట్ల కీని నిమిషం లోపే రాబట్టారు. తలుపు బలహీనమైతే తాళం ఎంత పెద్దదైనా ఒకటే.

128, 256.. రెండూ నిజమే

2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2లో ఏఈఎస్ వాడారు. మీరు 8 నుంచి 63 అక్షరాల పాస్‌వర్డ్ ఇస్తారు. రూటర్ దానికి వైఫై పేరు కలిపి, 4,096 సార్లు లెక్క తిప్పి 256 బిట్ల మాస్టర్ కీ తయారుచేస్తుంది. మీ ఫోన్ కనెక్ట్ అయిన ప్రతిసారీ ఆ మాస్టర్ కీ నుంచి కొత్త కీలు పుడతాయి. అందులో డేటాను దాచే కీ 128 బిట్లు. ఇంటర్వ్యూలో నేను చెప్పాల్సిన జవాబు ఇంతే!

ఫోన్ నంబరు 32 బిట్లే

అసలు కిటుకు ఇక్కడుంది. మాస్టర్ కీ 256 బిట్లదే అయినా, అది మీ పాస్‌వర్డ్ నుంచే పుడుతుంది. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. అంటే ఎంత లెక్కేసినా 400 కోట్ల నంబర్లు. బిట్లలో చెబితే 32. పాత డబ్ల్యూఈపీ 40 బిట్ల కన్నా తక్కువ!

మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పటి సంభాషణను దగ్గర్లో ఉన్నవాళ్లు పట్టుకోగలిగితే, ఆ తర్వాత తీరిగ్గా తమ కంప్యూటర్లో పాస్‌వర్డ్‌లు వేసి చూసుకోవచ్చు. సెకనుకు పది లక్షలు చూడగలిగే మిషన్ ఉందనుకోండి. మొబైల్ నంబర్లన్నీ గంటా పది నిమిషాల్లోపే అయిపోతాయి. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు కలిపి లాటరీలా తీసిన 8 అక్షరాలకు సుమారు 33 రోజులు. అలాంటివే 12 అక్షరాలైతే లక్షన్నర ఏళ్లు. ఇక బోర్డు మీద రాసిన నంబరైతే లెక్కే అక్కర్లేదు.

నెట్ స్లో అవడం చిన్న విషయం. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన ఈమెయిల్ ఐపీ అడ్రస్ నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. మెయిల్ పంపింది ఆయన కాదు. అయినా పోలీసుల ప్రశ్నలు ఎదుర్కోవాల్సి వచ్చింది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే ముందు వాళ్లనే అడుగుతారు మరి.

ఈ రోజే చేయండి

* రూటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టండి. లేదంటే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్. డబ్ల్యూఈపీ మాత్రమే ఉంటే రూటర్ మార్చాల్సిందే.
* పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలు. పేర్లు, పుట్టినరోజులు, నంబర్లు వద్దు.
* డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి 11,000 ప్రయత్నాలు చాలు.
* రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

నెట్‌వర్క్, సెక్యూరిటీ ఉద్యోగాలకు వెళ్లేవారు ఇదంతా సొంత రూటర్ మీద చేసి చూడండి. వైర్‌షార్క్ ఉచితం. ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే నాలుగు సందేశాల మార్పిడిని అందులో కళ్లారా చూడొచ్చు. పక్కింటి వైఫై జోలికి మాత్రం వెళ్లకండి. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా పడొచ్చు. ‘ఇంట్లో నెట్‌వర్క్ ఇలా సరిచేశాను, కారణం ఇదీ’ అని చెప్పగలిగితే, బట్టీ పట్టిన నిర్వచనం కన్నా అదే ఎక్కువ పలుకుతుంది. నా రెండో ఇంటర్వ్యూలో నేను చెప్పింది బాబాయి కొట్టు కథే.

బాబాయి కొత్త పాస్‌వర్డ్ 14 అక్షరాలు. ‘ఇంత పొడుగుది గుర్తుండదురా’ అని గొణిగాడు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టమన్నాను. బోర్డు మీద మాత్రం వద్దన్నాను.