పదకొండు నెలల ఊరు

పన్ను మోయలేని ఊరు ఏం చేస్తుంది? అర్జీ పెడుతుంది, లేదంటే అప్పో సప్పో చేసి కడుతుంది. 1921లో చీరాల, పేరాల ప్రజలు మూడో దారి పట్టారు. ఊరే ఖాళీ చేశారు.

పక్కపక్కనే ఉన్న ఈ రెండు గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు పెరిగింది. ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీకి జనం గోడు చెప్పుకున్నారు. హద్దు దాటి వెళ్ళిపోతే ఇక మున్సిపాలిటీ ఎవరిమీద నడుస్తుందని ఆయన ఒక దారి చూపారు.

‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో దాదాపు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా కదిలారు. హద్దు అవతల పాకలు వేసుకుని రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. కులాలవారీగా ఎన్నుకున్న ప్రతినిధుల సభ వ్యవహారాలు చూసేది. తగాదాలు మధ్యవర్తుల కోర్టులో తీరేవి. రామదండు వాలంటీర్లు క్రమశిక్షణ కాపాడేవారు. ఎండలు, వానలు ఆ పాకల్లోనే గడిచాయి.

ఇంతలో గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళారు. ప్రసంగించవద్దన్న ఉత్తర్వును ధిక్కరించినందుకు ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నడిపించే మనిషి లేడు, చేతిలో డబ్బు లేదు. దాదాపు 11 నెలల తర్వాత జనం ఇళ్ళకు తిరిగి వచ్చారు. పన్ను తప్పలేదు.

మరి రామ్‌నగర్ ఓడిపోయిందా? వేలమంది తమ ఊరిని తామే నడుపుకోగలరని అది చూపించింది. సభ, కోర్టు, దండు అన్నీ ఉన్నా భారమంతా ఒక్కరి భుజాలమీద ఉంటే ఏమవుతుందో కూడా చూపించింది.

ఆ బరంపురంలో, తిరుచిరాపల్లిలో నేటికీ తెలుగువాళ్ళు ఉన్నారు. మన బడుల సంగతీ ఆలోచిద్దాం. ఒక్క తెలుగు మాస్టారు రిటైరైతే సెక్షనే మూతపడే పరిస్థితి మనకు కొత్త కాదు. ఈ సెలవుల్లో బడిలోనే మూడు రోజుల శిబిరం పెట్టి చూడండి. వంట, శుభ్రత, పద్దులు, తగాదాల పరిష్కారం పిల్లలకే అప్పగించండి. రోజుకో నాయకుణ్ణి మార్చండి. రెండోరోజు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కావాలనే పక్కకు తప్పుకోండి. ఆరోజు పని ఆగకపోతే పిల్లలు రామ్‌నగర్ పాఠం నేర్చుకున్నట్టే. ఆ తర్వాత అదే పరీక్ష మన తెలుగు సెక్షన్‌కూ పెట్టుకుందాం.