మీకు తెలుసా? విశాఖ నుంచి కాకినాడకు... ఈదుకుంటూ!

మూలపేట పోర్టు పుణ్యమా అని భావనపాడు పేరు ఈ మధ్య పేపర్లలో తరచూ కనిపిస్తోంది. ఆ ఊరి ఒడ్డున సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు ఇచ్ఛాపురం, కుడిచేతి వైపు కళింగపట్నం. శ్రీకాకుళం జిల్లా తీరం మొత్తం కొలిస్తే 193 కిలోమీటర్లు. అందులో నాలుగింట మూడొంతులకు పైబడిన దూరాన్ని, అంటే 150 కిలోమీటర్లను, ఒక తెలుగు మహిళ ఇదే బంగాళాఖాతంలో ఈదిందని మీకు తెలుసా? మన తీరం వెంబడి కాదు, ఇంకాస్త కిందికి. విశాఖ ఆర్కే బీచ్‌లో 2024 డిసెంబరు 28న నీళ్లలోకి దిగి, 2025 జనవరి 3న కాకినాడ తీరంలో ఒడ్డెక్కింది. ఆవిడ పేరు గోలి శ్యామల. అప్పటికి వయసు 52.

పుట్టింది సామర్లకోటలో. సముద్రం దగ్గరే గానీ, పుట్టుకతో వచ్చిన ఈత కాదు. హైదరాబాద్‌లో యానిమేషన్ రంగంలో పనిచేసిన మనిషి. నీళ్లంటే భయం. ఆ భయం పోగొట్టుకుందామనే నలభై దాటాక ఈత కొలనులో దిగింది. మామూలుగా ఆ వయసులో ఎవరైనా ఈత నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్లు ముందు మోకాళ్ల సంగతి అడుగుతారు!

2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి మన ధనుష్కోటికి పాక్ జలసంధిని ఈదింది. 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. లెక్కేస్తే గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. సంతకు నడిచి వెళ్లే ముసలమ్మ కూడా అంతకన్నా వేగంగానే వెళ్తుంది. కాకపోతే ముసలమ్మకు దారిలో చెట్టు నీడ ఉంటుంది, కూర్చోడానికి అరుగు ఉంటుంది. సుదూర ఈతలో పక్కనే పడవ వస్తున్నా దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ప్రయత్నం అక్కడితో సరి. తిండి, నీళ్లు పడవలోంచి అందిస్తారు, తేలుతూనే తినాలి. విశాఖ-కాకినాడ లాంటి రోజుల తరబడి ఈతలో మాత్రం ఏ రోజు వంతు ఆ రోజు ఈదుతారు.

పాక్ జలసంధిని శ్యామల కన్నా ముందు దాటిన మహిళ బెంగాల్‌కు చెందిన బులా చౌదరి, 2004లో.

ఇక అసలు సంగతి, నీటి వాలు. బంగాళాఖాతంలో మన ఒడ్డు వెంట నడిచే ప్రవాహం ఏడాదంతా ఒకే వైపు పోదు. వానాకాలం వెళ్లాక, అక్టోబరు నుంచి జనవరి దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానది లాంటి నదులు కుమ్మరించిన నీటిని కూడా కిందికి తీసుకొస్తుంది కాబట్టి ఆ రోజుల్లో ఈ తీరపు నీటిలో ఉప్పదనం కాస్త తగ్గుతుంది. ఫిబ్రవరి నుంచి తిరగబడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గట్టిగా ఉత్తరానికి లాగుతుంది. విశాఖ నుంచి కాకినాడ వైపు డిసెంబరు చివర్లో ఈదడమంటే మొత్తం మీద నీటి వాలుకు పోవడమే. భావనపాడులో వేటకు వెళ్లేవాళ్లకి ఇది ఎవరో చెప్పాల్సిన ముక్క కాదనుకోండి. వల ఎటు లాగుతోందో వాళ్ల చేతులకే తెలుస్తుంది.

వాలు ఎదురైతే ఏమవుతుందో స్విమ్మర్ ఆరతీ సాహాను చూస్తే తెలుస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి ఆ పిల్లకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. 1959 ఆగస్టులో ఇంగ్లిష్ చానల్ దాటబోయింది. ఇంగ్లండ్ ఒడ్డు దగ్గరపడ్డాక ఎదురు ప్రవాహం పట్టుకుంది. గంటల తరబడి చేతులు ఆడించినా ముందుకు సాగింది కొద్ది దూరమే. చివరికి వదిలేయక తప్పలేదు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 29న, మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటేసింది. ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళ ఆమే. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది.

అన్నట్టు, ఎవరికైనా కాకినాడ నుంచి విశాఖకు ఈదాలని బుద్ధి పుడితే, మార్చి దాకా ఆగడం మేలు.