గతించిన ప్రభుత్వములును టెలివిజన్ సాక్ష్యములును

ఒక ప్రభుత్వము పదవిని వీడిన పిమ్మట దాని మంచిచెడ్డలను నిర్ణయించువారెవరు? ప్రభుత్వపు కాగితములను చూచి చరిత్రకారులు నిర్ణయింతురని మనమనుకొందుము. కాని ఆస్ట్రేలియా దేశమున మంత్రివర్గపు కాగితములు వెంటనే వెలువడవు. పూర్వము అవి ముప్పది యేండ్లు మరుగున నుండెడివి. 2010వ సంవత్సరపు చట్టసవరణచే ఆ గడువు క్రమముగా ఇరువది యేండ్లకు తగ్గినది. ఈ నడిమి కాలమున జనుల జ్ఞాపకమును తీర్చిదిద్దువానిలో టెలివిజన్ డాక్యుమెంటరీ చిత్రములు ముఖ్యమైనవి.

ఆ దేశపు ప్రజా ప్రసారసంస్థయగు ఏ.బి.సి. ఇట్టి చిత్రములను పలుమారులు నిర్మించినది. 1993లో 'లేబర్ ఇన్ పవర్' అను అయిదు భాగముల చిత్రము హాక్, కీటింగుల పాలనను చూపెను. 2008లో 'ది హోవార్డ్ ఇయర్స్' అనునది 1996 మొదలు 2007 వరకు సాగిన హోవార్డ్ పాలనను, 2015లో 'ది కిల్లింగ్ సీజన్' అనునది రడ్, గిలార్డుల కలహమును, 2024లో 'నెమెసిస్' అనునది అబట్, టర్న్‌బుల్, మారిసన్ అను మువ్వురు ప్రధానుల కాలమును విచారించెను.

వీని పద్ధతి యొక్కటే. ఆనాటి మంత్రులను, సలహాదారులను వేర్వేరుగా ప్రశ్నించి, వారి మాటలను పాత వార్తాచిత్రములతో జతపరచి, ఒకరి మాట ప్రక్కన మరియొకరి మాటను నిలుపుదురు. దృష్టాంతమునకు, 2010 జూన్ 23వ తేది రాత్రి ప్రధానమంత్రి కెవిన్ రడ్, ఉపప్రధాని జూలియా గిలార్డ్ ఒక గదిలో మాటాడుకొనిరి. మరునాడు ఆమెయే ప్రధానమంత్రి యయ్యెను. తనకు గడువొసగుటకు ఆమె యొప్పుకొని పిదప మాట తప్పెనని రడ్ చెప్పెను. అట్టి ఒడంబడిక స్థిరపడలేదని గిలార్డ్ చెప్పెను. గది యొకటే, రాత్రి యొకటే, కథలు మాత్రము రెండు.

సాక్షులు జీవించియుండగనే వారి మాటలను భద్రపరచుట ఈ చిత్రములు చేయు గొప్ప మేలు. అయినను లోపములు లేకపోలేదు. ప్రతివాడును తన పక్షమునే వాదించుకొనును. రానివాని మాట వినబడదు. అబట్ 'నెమెసిస్' చిత్రమున మాటాడుటకు సమ్మతింపలేదు. అంతకంటె ముఖ్యమైనది, పదవికై జరిగిన కలహము తెరపై రక్తికట్టినట్లు చట్టములు రక్తికట్టవు. గిలార్డ్ ప్రభుత్వము 2013లో చట్టముచే నెలకొల్పిన జాతీయ వికలాంగ సహాయ పథకము, ఆమె పదవి పోయిన తరువాతను నిలిచి యెందరి బ్రదుకులనో మార్చినది. ఎవరు ఎవరిని పడద్రోసిరను ప్రశ్నకంటె, ప్రజలకు మిగిలినదేమి యను ప్రశ్నయే పెద్దది.

కావున విద్యార్థులు ఇట్టి చిత్రమును సాక్ష్యముగా గ్రహింపవలెనే గాని తీర్పుగా గాదు. 2010వ సంవత్సరపు కాగితములు నియమానుసారము 2031లో వెలువడవలసియున్నవి. అప్పుడు ఆ మాటలను ఈ కాగితములతో సరిచూచువారు నేటి బాలబాలికల యీడువారే.