మోసం గిట్టుబాటు కాని పద్దు

2021 మే నెలలో చైనా ప్రభుత్వం బిట్‌కాయిన్ మైనింగ్‌పై కొరడా ఝళిపించింది. ఇన్నర్ మంగోలియా, షిన్‌జియాంగ్, సిచువాన్ ప్రాంతాల్లో బొగ్గు కరెంటుతోనో జలవిద్యుత్తుతోనో నడుస్తున్న మైనింగ్ షెడ్లకు వరసగా తాళాలు పడ్డాయి. కొద్ది వారాల్లోనే బిట్‌కాయిన్ నెట్‌వర్క్ కోసం ప్రపంచమంతటా పనిచేస్తున్న కంప్యూటర్ శక్తిలో సుమారు సగం మాయమైంది. ఏ బ్యాంకులోనైనా సగం సర్వర్లు ఇలా ఆగిపోతే లావాదేవీలు స్తంభించిపోవచ్చు. ఇక్కడ మాత్రం పది నిమిషాలకొకటి రావలసిన బ్లాకులు, అంటే లావాదేవీల కట్టలు, కొన్నాళ్లు పద్నాలుగు నిమిషాలకొకటి వచ్చాయి, అంతే. జూలై 3న నెట్‌వర్క్ తన నియమం ప్రకారం మైనింగ్ కష్టాన్ని దాదాపు 28 శాతం తగ్గించుకుంది. పాత పద్దుల్లో ఒక్కటీ చెరిగిపోలేదు. ఇందుకోసం ఎవరూ సమావేశం పెట్టలేదు, ఉత్తర్వు ఇవ్వలేదు. ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే క్రిప్టో నెట్‌వర్క్ ముప్పాతిక వంతు అర్థమైనట్టే. మైనింగ్ అంటే నాణేలు పుట్టించే పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి నాణేలు ఆ పనికి ఇచ్చే కూలి. ఒకరినొకరు ఎరగని జనం అంతా కలిసి ఒకే లెక్కల పుస్తకం రాసుకుంటున్నప్పుడు అందులో మోసం ఎవరికీ గిట్టుబాటు కాకుండా చూడడమే అసలు పని. ఈ సంగతి తెలియకుండా క్రిప్టోలోకి దిగేవారు తేలిగ్గా మోసపోతారు.

కాగితం నోటు ఒకరి చేతిలో పెడితే అది మన దగ్గర ఉండదు. కంప్యూటర్‌లోని ఫైలు ఒకరికి పంపినా మన దగ్గరా ఉంటుంది. అందుకే డిజిటల్ డబ్బును ఒకే మనిషి ఇద్దరికి చెల్లించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. బ్యాంకులు దీన్ని తేలిగ్గా తీర్చాయి. పుస్తకం బ్యాంకు దగ్గరే ఉంటుంది, అది ఏది రాస్తే అదే లెక్క. ఆ పెద్దమనిషి లేకుండానే ఈ చిక్కు విప్పే మార్గాన్ని 2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే మారుపేరుతో ఎవరో తొమ్మిది పేజీల పత్రంలో వివరించారు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాక్ తయారైంది. ఈ పద్ధతిలో లెక్కల పుస్తకం ఒక చోట ఉండదు. నోడ్‌లు అనే వేలాది కంప్యూటర్లు పూర్తి ప్రతిని తమ దగ్గరే ఉంచుకుంటాయి. డబ్బు పంపే వ్యక్తి తన రహస్య తాళంచెవితో లావాదేవీ మీద డిజిటల్ సంతకం చేస్తాడు. ప్రతి నోడ్ ఆ సంతకం సరైనదా, ఆ డబ్బు ఇంతకుముందే ఖర్చయిందా అని స్వయంగా చూసుకుంటుంది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఒకే డబ్బును ఇద్దరికి పంపుతూ రెండు లావాదేవీలు వస్తే, రెండింటి సంతకాలూ సరైనవే అయితే, ఏది ముందు? దీన్ని ఓటింగుతో తేల్చలేం. ఇంటర్నెట్‌లో ఒక్కడే లక్ష పేర్లతో లక్ష ఓట్లు వేయగలడు. అందుకే ఇక్కడ ఓటుకు బదులు ఖర్చును కొలబద్దగా పెట్టారు.

ఆ ఖర్చు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మైనర్ తన దగ్గరికి వచ్చిన లావాదేవీలను ఒక బ్లాక్‌గా కడతాడు. దానికి 80 బైట్ల శీర్షిక ఉంటుంది. అందులో ఆరే అంశాలు: నియమాల వెర్షను, వెనకటి బ్లాక్ గుర్తు, ఈ బ్లాక్‌లోని లావాదేవీలన్నిటి సారం, సమయం, అప్పటి కష్టం స్థాయి, చివరగా నాన్స్ అనే ఒక సంఖ్య. ఈ శీర్షికను ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత సూత్రంలో రెండుసార్లు వేస్తే 64 అక్షరాల ఫలితం వస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. లోపల ఒక్క అంకె మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. ఎలా మారుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ హ్యాష్ మొదట్లో నిర్ణీత సంఖ్యలో సున్నాలు వస్తేనే బ్లాక్ చెల్లుతుంది. మైనర్ చేయగలిగిందల్లా నాన్స్ మారుస్తూ మళ్లీ మళ్లీ ప్రయత్నించడమే. నాన్స్‌లో ఉన్న సుమారు 429 కోట్ల అవకాశాలూ అయిపోతే లావాదేవీల సారాన్ని కొద్దిగా మార్చి మళ్లీ మొదలుపెడతాడు. సూట్‌కేసు నంబరు తాళం మరచిపోయినవాడు వరసగా అంకెలు తిప్పి చూసినట్టే ఇది కూడా. తెరవడానికి గంటలు పట్టొచ్చు, తెరుచుకుందో లేదో మాత్రం క్షణంలో తెలుస్తుంది. మొదటి బ్లాక్ హ్యాష్‌లో పది సున్నాలుండేవి, ఇప్పుడు 19 నుంచి 20 దాకా వస్తున్నాయి. ఒక్క సున్నా పెరిగితే వెతుకులాట 16 రెట్లు పెరుగుతుంది.

ప్రతి బ్లాక్‌లోనూ వెనకటి బ్లాక్ గుర్తు ఉంటుంది కాబట్టి పాత పద్దు దిద్దాలంటే ఆ బ్లాక్‌ను మళ్లీ చేయాలి, దాని తర్వాతవన్నీ చేయాలి, ఈలోగా మిగతా ప్రపంచం కడుతున్న గొలుసును దాటిపోవాలి కూడా. పెద్ద మొత్తం అందుకున్నవారు ఆరు బ్లాకులు, అంటే సుమారు గంట, ఆగడం ఇందుకే. ఈ రక్షణ సాఫ్ట్‌వేర్ తెలివిలో లేదు, దాన్ని దాటడానికి అయ్యే ఖర్చులో ఉంది. దీనికి బలమైన రుజువు బిట్‌కాయిన్ లాగే మైనింగ్‌తో నడిచే చిన్న నెట్‌వర్కులు. 2018 మే నెలలో బిట్‌కాయిన్ గోల్డ్ మీద, 2019 జనవరిలోనూ మళ్లీ 2020 ఆగస్టులోనూ ఇథీరియం క్లాసిక్ మీద ఇలాంటి దాడులు జరిగాయి. దాడి చేసినవారు నెట్‌వర్క్‌లో సగానికి మించిన శక్తిని చేజిక్కించుకుని, చెల్లించిన డబ్బును వెనక్కి లాగి మళ్లీ ఖర్చుపెట్టారు. ఆ నెట్‌వర్కులు నడిచేదీ ఇలాంటి పద్ధతి మీదే. కాకపోతే అక్కడ మోసానికయ్యే ఖర్చు, దానితో వచ్చే లాభం కన్నా తక్కువ.

మరి ఇంత ఖర్చును మైనర్లు ఎందుకు భరిస్తారు? బ్లాక్ పూర్తి చేసినవారికి కొత్త నాణేలు, లావాదేవీల రుసుములు దక్కుతాయి. 2009లో బ్లాక్‌కు 50 బిట్‌కాయిన్లు. ప్రతి 2,10,000 బ్లాకులకు, అంటే నాలుగేళ్లకోసారి, అది సగమవుతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్ నుంచి 3.125. మొత్తం నాణేలు 2.1 కోట్లు దాటవు. రెండో నియమం ఇంకా ముఖ్యం. ప్రతి 2,016 బ్లాకులకు నెట్‌వర్క్ గడిచిన సమయాన్ని చూసుకుంటుంది. బ్లాకులు త్వరగా వచ్చి ఉంటే కష్టం పెంచుతుంది, ఆలస్యమైతే తగ్గిస్తుంది. చైనా యంత్రాలు ఆగినప్పుడు నెట్‌వర్క్‌ను నిలబెట్టింది ఈ నియమమే. ఎన్ని యంత్రాలు కొత్తగా చేరినా రోజుకు పుట్టే నాణేలు పెరగకుండా చూసేదీ ఇదే. ఒకరి వాటా పెరిగిందంటే మరొకరిది తగ్గినట్టే.

ఈ నియమం సామాన్యుడికి ఏం చెబుతుందో ఒక యంత్రం లెక్క వేసి చూద్దాం. మొదట్లో ఇంటి కంప్యూటరే మైనింగుకు సరిపోయేది. తర్వాత గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి, 2013 నుంచి ఈ ఒక్క పనే చేసే ఏసిక్ చిప్పులు వచ్చాయి. సెకనుకు 200 లక్షల కోట్ల హ్యాష్‌లు వేసే కొత్త యంత్రం సుమారు 3,500 వాట్లు తింటుంది, అంటే రోజుకు 84 యూనిట్లు. 2024 నాటి నెట్‌వర్క్ మొత్తం శక్తిలో అది సుమారు 30 లక్షల్లో ఒక వంతు. రోజుకు వచ్చేవి 144 బ్లాకులు కాబట్టి, ఒంటరిగా పనిచేస్తే ఒక్క బ్లాక్ దక్కడానికి సగటున 57 ఏళ్లు పడుతుంది. అందుకే మైనర్లు పూల్‌లుగా కలిసి ఫలితాన్ని వాటాల ప్రకారం పంచుకుంటారు. అలా చూస్తే రోజు వాటా 0.00015 బిట్‌కాయిన్. నాణెం ధర 50 లక్షల రూపాయలనుకుంటే 750 రూపాయలు. యూనిట్ 8 రూపాయల చొప్పున కరెంటుకే 672 పోతాయి. యంత్రం ఖరీదు, చల్లబరిచే ఖర్చు, పూల్ రుసుము ఇంకా లెక్కలోకి రానే లేదు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, కొన్న ధర తప్ప మరే ఖర్చునూ మినహాయించరు. మైనింగ్ మౌలిక వసతులకైన ఖర్చును కొన్న ధరగా ఒప్పుకోబోమని ఆ ఏడాదే ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. నాణెం ధర పెరిగితే ఈ లెక్క మారుతుంది కదా అనవచ్చు. మారుతుంది, కానీ ఎక్కువ కాలం నిలవదు. ధర పెరిగితే కొత్త యంత్రాలు దిగుతాయి, కష్టం పెరుగుతుంది, అందరి వాటా సన్నబడుతుంది.

కాబట్టి మైనింగ్‌లో నెలనెలా ఇంత అని ఎవరైనా హామీ ఇచ్చారంటే అది నెట్‌వర్క్ పనిచేసే తీరుకే విరుద్ధం. గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం క్లౌడ్ మైనింగ్ (ఎక్కడో ఉన్న యంత్రాల్లో వాటా) పేరుతో 18 నెలల పాటు నెలకు 10 శాతం లాభం ఆశచూపిందని దర్యాప్తు సంస్థల ఆరోపణ. కొత్తగా చేరేవారి రాక తగ్గేసరికి చెల్లింపులను తన సొంత టోకెన్‌లోకి మార్చేసిందని కూడా అవి చెప్పాయి. పలు రాష్ట్రాల్లో నమోదైన ఆ కేసులు సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐకి చేరాయి. కష్టం రెండు వారాలకోసారి మారుతుందని, ఆదాయం నాలుగేళ్లకు సగమవుతుందని తెలిసినవారికి 18 నెలల స్థిరమైన లాభం అన్న మాట వినగానే అనుమానం వస్తుంది.

మైనింగ్‌పై మొదటి పెద్ద అభ్యంతరం కరెంటు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అంచనాల ప్రకారం బిట్‌కాయిన్ ఏడాదికి పదివేల కోట్ల యూనిట్లకు పైగా వాడుతోంది. యూపీఐ ఇందులో లేశమంత కరెంటుతో అంతకన్నా ఎన్నో రెట్ల చెల్లింపులు చేస్తుంది, మరి ఈ దుబారా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు యూపీఐలోనే ఉంది. అక్కడ పుస్తకం రాసే బ్యాంకులున్నాయి, వాటి మధ్య యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఉంది, అందరి పైనా రిజర్వ్ బ్యాంకు ఉంది. అడగడానికి ఒక మనిషి, వెళ్లడానికి ఒక కోర్టు ఉన్నచోట టీ డబ్బులకు మైనింగ్ అక్కర్లేదు. ఆ మాట నిస్సంకోచంగా ఒప్పుకోవాలి. మధ్యలో ఎవరినీ నమ్మలేని చోట, లేదా నమ్మకూడదనుకున్న చోట మాత్రమే ఈ ఖర్చుకు అర్థం ఉంటుంది. అలాంటి అవసరం ఇంత కరెంటుకు తగినదా అన్నది సమాజం తేల్చుకోవలసిన విషయం. కరెంటు తీసేసినా భద్రత అలాగే ఉంటుందనుకోవడం మాత్రం పొరపాటు.

2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ మైనింగ్‌ను పూర్తిగా మానేసింది, దాని విద్యుత్ వినియోగం 99 శాతానికి పైగా తగ్గింది, కాబట్టి ఖర్చు అనవసరమని తేలిపోయింది కదా అని ఇంకొందరు అంటారు. ఇథీరియం చేసింది ఖర్చును తీసేయడం కాదు, దాని రూపం మార్చడం. అక్కడ బ్లాకులను ధ్రువీకరించాలంటే ఆ నెట్‌వర్క్ నాణేలైన ఈథర్లను 32 తాకట్టుగా పెట్టాలి. ఒకే చోట రెండు విరుద్ధమైన పద్దులకు సంతకం చేస్తూ దొరికితే ఆ తాకట్టులో కోత పడుతుంది. బిట్‌కాయిన్‌లో మోసగాడు కరెంటు బిల్లు నష్టపోతే ఇథీరియంలో తాకట్టు సొమ్మే నష్టపోతాడు. ఈ పద్ధతిలో డబ్బున్నవారి పెత్తనం పెరుగుతుందన్న భయమూ ఉంది. ఏ పద్ధతి మేలన్న వాదన సాగుతూనే ఉంటుంది. మోసగాడికి ఏదో ఒక నష్టం తప్పదన్న సూత్రం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

మూడో అభ్యంతరం ఇంకా బరువైనది. కొద్ది పూల్‌ల చేతుల్లోనే సగానికి పైగా శక్తి ఉంటే ఇక పెద్దమనిషి లేడనడం ఎలా? 2014 జూన్‌లో జీహ్యాష్ అనే పూల్ వాటా సగం దాకా చేరింది. నెట్‌వర్క్ మీద నమ్మకం పోతే తమ నాణేలకే విలువ ఉండదని మైనర్లు కొందరు వేరే పూల్‌లకు మారారు. ఇకపై 40 శాతం దాటనివ్వబోమని ఆ పూల్ నిర్వాహకులే ప్రకటించవలసి వచ్చింది. సాధారణంగా పూల్ తన యంత్రాలకు యజమాని కాదు, మైనర్లు ఎప్పుడైనా విడిచిపోవచ్చు. ఎంత పెద్ద పూల్ అయినా తనకు తాను బ్లాక్‌కు వంద నాణేలు రాసుకుంటే నోడ్‌లు ఆ బ్లాక్‌ను తిరస్కరిస్తాయి, కరెంటు ఖర్చు మాత్రం మిగులుతుంది. అయినా కేంద్రీకరణ నిజమైన బలహీనతే, కనిపెట్టుకుని ఉండవలసిందే.

ఈ రక్షణకు ఒక హద్దు ఉంది. మైనింగ్ కాపాడేది పుస్తకాన్ని, మన తాళంచెవిని కాదు. 2014లో కుప్పకూలిన మౌంట్ గాక్స్, 2024 జూలైలో సుమారు రెండువేల కోట్ల రూపాయల ఆస్తులు పోగొట్టుకున్న మన దేశపు వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీలు దీనికి ఉదాహరణలు. అక్కడ చెడింది నెట్‌వర్క్ పద్దు కాదు, తాళంచెవుల కాపలా. ఎక్స్ఛేంజీలో నాణేలు ఉంచినవారు మళ్లీ ఒక మధ్యవర్తిని నమ్మినట్టే. అందుకే ఏ నాణెం గురించి విన్నా ధర కన్నా ముందు మూడు విషయాలు అడగాలి: పుస్తకం ఎవరు రాస్తున్నారు, తప్పు రాస్తే వారికి ఏం నష్టం, నా తాళం ఎవరి దగ్గరుంది? వీటికి సూటిగా జవాబు రాకపోతే అక్కడ డబ్బు పెట్టకూడదు. నేర్చుకోవాలనుకునేవారికి మైనింగ్ యంత్రం అక్కర్లేదు. ఆరువందల జీబీ దాటిన బిట్‌కాయిన్ పుస్తకం పట్టేంత డిస్కు, నికరమైన ఇంటర్నెట్ ఉంటే మామూలు కంప్యూటర్‌లోనే నోడ్ నడపవచ్చు. అంత చోటు లేకపోతే విలువలేని నాణేలతో సాధన చేయడానికి పరీక్షా నెట్‌వర్కులు వేరుగా ఉన్నాయి. అక్కడ రూపాయి ఖర్చు లేకుండా లావాదేవీ పంపి, అది బ్లాక్‌లోకి ఎక్కే తీరు చూడవచ్చు. క్రిప్టోలో మొదటి పెట్టుబడి ఆ చదువు మీదే పెట్టాలి. నాణేలు కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత ఎవరికి వారు తేల్చుకోవచ్చు.