పాలియేటివ్ కేర్ అంటే ఆశ వదులుకోవడమా?

"పాలియేటివ్ కేర్‌కు రాశాము" అని డాక్టరుగారు అనగానే మన పల్లె సంఘాల్లో అనేకులు "ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు" అని ఏడుస్తారు. ప్రియులారా, ఆ మాటకు అర్థం అది కాదు. లాటిన్ భాషలో 'పాలియం' అనగా పైవస్త్రము. నొప్పిని, ఆయాసాన్ని, వాంతులను తగ్గించి రోగిని కప్పి కాపాడే పరిచర్య ఇది. 1967లో లండనులో మరణాసన్నుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరచిన క్రైస్తవ వైద్యురాలు సిసిలీ సాండర్స్ దీనికి బాట వేశారు. కేన్సరుకు కీమో జరుగుతుండగానే దీన్ని మొదలుపెట్టవచ్చు. నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ మాత్రలిస్తారు. డాక్టరు చెప్పిన మోతాదులో అవి ప్రాణం తీసేవి కావు. "విశ్వాసముంటే మాత్ర దేనికి?" అని రోగి మంచం దగ్గర పలికే పెద్దలు, మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసిన సంగతి మరచినట్టున్నారు. ఈ మాట వినబడితే డాక్టరుగారిని అడగండి: ఇప్పటి వైద్యం సాగుతుందా? రాత్రివేళ నొప్పి వస్తే ఏమివ్వాలి?