పాట ఒకరిది, సినిమా ఒకరిది, కథ ఇంకొకరిది

నెట్‌లో దొరకని సినిమా ఒకటుంటుందంటే మన హాస్టల్లో ఎవడూ నమ్మడు. "టెలిగ్రామ్‌లో చూడరా" అంటాడు. కానీ రాక్ డాక్యుమెంటరీల్లో ఒక వింత జాతి ఉంది. తీయడం పూర్తయింది, ఫెస్టివల్స్‌లో వేశారు, చూసినవాళ్లు మెచ్చుకున్నారు. అయినా డీవీడీగానో, స్ట్రీమింగ్‌లోనో మాత్రం మామూలుగా బయటికి రాలేదు. ఎప్పుడో ఒకసారి ఎక్కడో చిన్న హాల్లో ఒక్క ఆట పడుతుంది. ఆటకి ముందు ఒక పెద్దాయన మైకు పట్టుకుని రెండు ముక్కలు చెబుతాడు. చాలాసార్లు ఆయన డైరెక్టరూ కాదు, గిటారిస్టూ కాదు. ఆ బ్యాండుకి ఒకప్పటి మేనేజరు!

సినిమా ఎందుకు ఆగుతుంది? మైకు మేనేజరు చేతికే ఎందుకు వస్తుంది? ఈ రెండింటికీ నాకు తెలిసినంతలో బెస్ట్ ఉదాహరణ ఎంసీ5. "ఎంసీ5: ఎ ట్రూ టెస్టిమోనియల్" అనే ఈ డాక్యుమెంటరీని డేవిడ్ థామస్ డైరెక్ట్ చేస్తే, లారెల్ లెగ్లర్ నిర్మించారు. 2002లో టొరంటో ఫెస్టివల్లో వేశారు. 2004లో డీవీడీ రావాల్సింది, ఆఖరి క్షణంలో ఆగిపోయింది.

ముందు బ్యాండు సంగతి. అమెరికాలో డెట్రాయిట్ అంటే కార్ల ఫ్యాక్టరీల ఊరు. దాని పక్కనే లింకన్ పార్క్ అనే చిన్న పట్టణంలో మొదలైంది ఎంసీ5. రాబ్ టైనర్ పాడేవాడు, వేన్ క్రేమర్, ఫ్రెడ్ 'సోనిక్' స్మిత్ గిటార్లు, మైకేల్ డేవిస్ బేస్, డెనిస్ థాంప్సన్ డ్రమ్స్. తర్వాత పంక్ అని పేరు పడిన గోలకి వీళ్లు తాతల్లాంటివాళ్లు. వీళ్ల మేనేజరు జాన్ సింక్లెయిర్ మనం ఊహించుకునే మేనేజర్ టైపు కాదు. ఆయన కవి, జాజ్ మీద రాసే విమర్శకుడు. వైట్ పాంథర్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకడు. అంటే ఈ బ్యాండుకి షోలు బుక్ చేసే చెయ్యీ, కరపత్రాలు రాసే చెయ్యీ ఒకటే అన్నమాట.

1968 ఆగస్టులో షికాగోలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ జరుగుతుంటే, బయట లింకన్ పార్కులో వియత్నాం యుద్ధ వ్యతిరేకుల గుంపు. (ఇది షికాగోలో పార్కు, పైన చెప్పింది ఊరు. కన్‌ఫ్యూజ్ అవ్వకండి.) అక్కడ ఎంసీ5 వాయించింది. ఆ తర్వాత పోలీసులు లాఠీలతో దిగడం చరిత్రలో ఉన్నదే. ఆ నెక్స్ట్ నెలలోనే ఎలెక్ట్రా రికార్డ్స్‌లో పనిచేసే డానీ ఫీల్డ్స్ డెట్రాయిట్ వైపు వచ్చి, ఒకే ట్రిప్పులో ఎంసీ5నీ స్టూజెస్‌నీ తన కంపెనీకి కుదిర్చాడు. వీళ్లకి 20,000 డాలర్లు, వాళ్లకి 5,000. అక్టోబర్ 30, 31 రాత్రుల్లో డెట్రాయిట్ గ్రాండే బాల్‌రూమ్‌లో జనం ముందే రికార్డు చేసిన ఆల్బమ్ "కిక్ అవుట్ ద జామ్స్". మొదటి ఆల్బమే లైవ్ ఆల్బమ్ కావడం అప్పటికి సాహసమే.

అందులో ఒక బూతుమాట ఉందని హడ్సన్స్ అనే పెద్ద స్టోర్ ఆ రికార్డు అమ్మనంది. బ్యాండువాళ్లు ఊరుకున్నారా? అదే బూతుతో హడ్సన్స్‌ని తిడుతూ పేపర్లో ప్రకటన ఇచ్చి, దాని మీద ఎలెక్ట్రా లోగో కూడా వేశారు. హడ్సన్స్ ఆ కంపెనీ రికార్డులన్నీ షెల్ఫుల్లోంచి తీసేసింది, కంపెనీ బ్యాండుని తీసేసింది.

ఇక మేనేజర్ గారి కథ. 1969 జులైలో సింక్లెయిర్‌కి పదేళ్ల దాకా జైలు శిక్ష పడింది. నేరం ఏంటంటే, మఫ్టీలో ఉన్న పోలీసుకి రెండు గంజాయి సిగరెట్లు ఇవ్వడం. రెండంటే రెండే! ఆ వేసవిలోనే వుడ్‌స్టాక్‌లో 'ద హూ' వాయిస్తుండగా ఎబీ హాఫ్‌మన్ స్టేజీ ఎక్కి ఈ సంగతి మాట్లాడబోతే, పీట్ టౌన్షెండ్ గిటారుతో తరిమేశాడు. 1971 డిసెంబర్ 10న ఆన్ ఆర్బర్‌లో ఆయన విడుదల కోసం పెద్ద సభ పెట్టారు. జాన్ లెనన్, స్టీవీ వండర్ వచ్చారు. మూడు రోజుల తర్వాత సింక్లెయిర్ బయటికొచ్చాడు. 1972 మార్చిలో మిషిగన్ సుప్రీంకోర్టు ఆ శిక్ష వేసిన చట్టమే చెల్లదంది. ఆ సభనీ "టెన్ ఫర్ టూ" అని సినిమా తీశారు. అదీ ఇలా అరుదుగా కనబడే బాపతే.

ఇంకో కేసులోనూ ఆయన ముద్దాయి. ఆన్ ఆర్బర్‌లోని సీఐఏ ఆఫీసు దగ్గర బాంబు పేలుడుకి సంబంధించింది. ప్రభుత్వం వారెంట్ లేకుండా ఫోన్లు విన్నదని అందులో బయటపడింది. దేశభద్రత పేరు చెప్పినా సరే, దేశం లోపలి వ్యవహారాల్లో జడ్జి అనుమతి లేకుండా వినడానికి వీల్లేదని 1972 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 8-0తో తేల్చింది. కేసు కూలిపోయింది. ఒక రాక్ బ్యాండు మేనేజర్ పేరు రాజ్యాంగ పాఠాల్లో కనబడటం ఇంకెక్కడైనా ఉందేమో, నేనైతే చూళ్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, సినిమా ఎందుకు ఆగింది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, రేపు మీరు షార్ట్ ఫిల్మ్ తీసినా పనికొచ్చే విషయమే. ఒక పాటని సినిమాలో వాడాలంటే అనుమతి ఒకటి సరిపోదు, రెండు కావాలి. పాట రాసి, బాణీ కట్టినవాళ్ల హక్కు ఒకటి. అది సాధారణంగా పబ్లిషింగ్ కంపెనీ దగ్గర ఉంటుంది. దృశ్యానికి పాటని జత చేస్తారు కాబట్టి దీన్ని సింక్ లైసెన్స్ అంటారు. రెండోది ఆ రికార్డింగ్ మీద హక్కు, ఇది రికార్డు కంపెనీది. ఫెస్టివల్స్ వరకే అయితే తక్కువ ధరకి, కొద్దికాలానికి లైసెన్స్ ఇస్తారు. డీవీడీ, టీవీ, స్ట్రీమింగ్ అంటే లెక్క వేరు. అందుకే ఫెస్టివల్లో ఆడిన సినిమా షాపులోకి రాకుండా ఆగిపోగలదు. కాలేజీ ఫెస్ట్‌లో స్కిట్ వేయడానికీ, దాన్ని సినిమాగా అమ్మడానికీ ఉన్నంత తేడా.

ఎంసీ5 సినిమా సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంది. పైగా ఈ సినిమాలో తనను సంగీత నిర్మాతగా పెట్టుకుంటామని మాటిచ్చారంటూ వేన్ క్రేమర్ కోర్టుకెళ్లాడు. 2007లో కోర్టు సినిమా తీసినవాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. కానీ కేసు గెలవడం వేరు, లైసెన్స్ చేతికి రావడం వేరు. తీర్పు వచ్చింది కదా అని డీవీడీ వచ్చేయలేదు. ఎవరిది తప్పని అడిగితే నేను ఒక పక్కకి వాలలేను. ఏళ్ల తరబడి ఫుటేజ్ వెతికి తీసినవాళ్ల కష్టం నిజం. తన జీవితాన్ని, తన పాటని వేరేవాళ్లు సినిమా చేస్తుంటే అందులో తన వాటా ఏదని అడిగే గిటారిస్టు బాధా నిజమే. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని బాలు గారికి నోటీసు పంపినప్పుడు మన ఇళ్లలో జరిగిన గొడవ గుర్తుందా? మా ఇంట్లో అమ్మ ఒక పక్షం, నాన్న ఇంకో పక్షం.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. షికాగోలో ఎంసీ5 వాయిస్తుండగా ప్రభుత్వం నిఘా కోసం తీయించిన ఫుటేజ్ ఇందులో వాడారు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో తయారు చేసిన వాటికి అక్కడి చట్టం ప్రకారం కాపీరైట్ ఉండదు. అంటే వాళ్ల మీద నిఘా పెట్టిన సర్కారు బొమ్మలు ఫ్రీ, వాళ్లు కట్టిన పాటకి మాత్రం లైసెన్స్ కావాలి!

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రోలింగ్ స్టోన్స్ 1972 టూర్ మీద రాబర్ట్ ఫ్రాంక్ తీసిన సినిమా (పేరు రాయను, ఈ పత్రిక మన సార్లూ చదువుతారు) బ్యాండుకి నచ్చలేదు. వ్యవహారం కోర్టుకెళ్లి, డైరెక్టరు హాల్లో ఉంటేనే, అదీ ఏడాదికి కొన్నిసార్లే వేయాలన్న షరతు దగ్గర తెగింది. అదే బ్యాండుని 1965లో ఐర్లాండ్‌లో పీటర్ వైట్‌హెడ్ చేత షూట్ చేయించింది వాళ్ల అప్పటి మేనేజరు ఆండ్రూ లూగ్ ఓల్డమ్. ఆ "చార్లీ ఈజ్ మై డార్లింగ్" దశాబ్దాల పాటు సరైన విడుదల లేకుండా ఉండి, 2012లో బాగుచేసిన ప్రింటుగా బయటికొచ్చింది. తెచ్చింది ఎవరనుకున్నారు? ఓల్డమ్ తర్వాత స్టోన్స్ వ్యవహారాలు చేతిలోకి తీసుకున్న మేనేజరు ఆలెన్ క్లైన్ స్థాపించిన కంపెనీ.

మేనేజర్‌కి మైకు ఎందుకు వస్తుందో దీంతో అర్థమవుతుంది. అగ్రిమెంట్లు, ఫొటోలు, ఎవరికెంత ఇచ్చారన్న లెక్కలు ఆయనకే తెలుసు. స్టేజీ మీద లేడు కాబట్టి అక్కడ జరిగింది మొత్తం చూశాడు కూడా. అందుకే ఆయన మాట వినాలి, కానీ ఒక చెవి తెరిచే ఉంచాలి. రాజకీయాల వల్ల తమ కెరీర్ దెబ్బతిందని ఎంసీ5 వాళ్ల బాధ, జైల్లో పడ్డాక తనను వదిలేశారని సింక్లెయిర్ బాధ. ఆయన చెబితే అది తిరుగుబాటు కథ. క్రేమర్ చెబితే పిల్లలు దారి తప్పి, దెబ్బతిని, లేచిన కథ. క్రేమర్ తర్వాత డ్రగ్స్ కేసులో జైలుకెళ్లి, బయటికొచ్చాక ఖైదీలకి గిటార్లు ఇచ్చే సంస్థ అమెరికాలో నడిపాడు. కాబట్టి అలాంటి ఆట ఎప్పుడైనా దొరికితే, ఆట తర్వాత సెల్ఫీల కోసం ఎగబడకుండా డబ్బు గురించి అడగండి. ఆ రాత్రి వ్యాన్ అద్దె ఎవరు కట్టారు, పాటల మీద ఎవరి పేర్లు వేశారు, ఇంటికి ఎవరు ఎంత తీసుకెళ్లారు అని.

సింక్లెయిర్‌ని మాత్రం ఇక అడగలేం. టైనర్ 1991లో, స్మిత్ 1994లో, డేవిస్ 2012లో పోయారు. 2024 ఫిబ్రవరి 2న క్రేమర్, ఏప్రిల్ 2న సింక్లెయిర్, మే నెలలో థాంప్సన్ చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఎంసీ5ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.