విండోస్: గుణములు, కొఱతలు

కోడుమూరులో నేడు ఆదాయ ధ్రువపత్రము కోరు రైతును, అడంగల్ నకలు కావలసిన వృద్ధుడును, పరీక్షకు హాల్ టికెట్టు తీసికొనవచ్చిన విద్యార్థియు ఒక కంప్యూటరు ముందు నిలువవలసినవారే. ఆ యంత్రమునకు కరెంటు తగులగానే తెరమీద నాలుగు గడుల కిటికీ బొమ్మ తోచును. అది విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమునకు గుర్తు. ఆ ఆంగ్లపదమునకు కిటికీలు అనియే అర్థము. ప్రపంచమున బల్లమీద నుంచి వాడుకొను కంప్యూటర్లలో అధికభాగము దీనితోనే నడుచుచున్నవి. ఇంతమంది నమ్ముకొన్న దానిలో మేలెంత, కీడెంత యని విచారింతము.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమి? పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు అన్ని తరగతులకును పాఠము చెప్పడు. కాని ఏ గది ఎవరిది, ఏ గంట ఎవరిది, ప్రయోగశాల తాళపుచెవి ఎవరికి ఈయవలెను అను నిర్ణయము అతనిది. అతడు లేనినాడు తెలుగు పండితుడును, లెక్కల మాస్టరును ఒకే గదిలో ప్రవేశింతురు. కంప్యూటరులో ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము వేఱు, లెక్కలు కట్టునది వేఱు, బొమ్మలు చూపునది వేఱు. వీనికెల్ల మెమరీలో చోటును, కీబోర్డును, ప్రింటరును తగవు లేకుండ పంచి యిచ్చునదియే ఆపరేటింగ్ సిస్టము.

అమెరికాలో బిల్ గేట్స్, పాల్ అలెన్ అను మిత్రు లిరువురు 1975లో మైక్రోసాఫ్ట్ సంస్థను స్థాపించిరి. విండోసునకు ముందు వారు అమ్మిన డాస్ అను సిస్టములో ప్రతి యాజ్ఞను అక్షరము తప్పకుండ టైపు చేయవలసి యుండెను. 1985లో మొదటి విండోస్ వెలువడినది. అందు ఆజ్ఞకు బదులు బొమ్మను మౌసుతో నొక్కిన చాలును. ఈ యూహ వారి సొంతము కాదు. జెరాక్స్ పరిశోధనాలయమునందును, ఆపిల్ సంస్థయందును అది అంతకు ముందే రూపొందెను. అయినను ఎవరు తయారుచేసిన చవుక యంత్రమునకైనను దానిని చేర్చి, సామాన్యుని బల్లమీదికి తెచ్చిన ఘనత విండోసుదే. 1995లో వచ్చిన రకముతో అది ఇంటింటి వస్తువైనది.

దాని గుణములలో మొదటిది ఈ వ్యాప్తియే. ఇచ్చట నేర్చిన పని కర్నూలులోను, బెంగుళూరులోను చెల్లును. యంత్రము చెడినచో బాగుచేయు మనుష్యుడు దొరకును. పాత ప్రింటరు, పాత ప్రోగ్రాము అనేకము కొత్త రకములోను పనిచేయును.

తెలుగు విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. పూర్వము ఫాంట్లు చేయువారు అక్షరములకు ఎవరి లెక్క వారు పెట్టుకొనిరి. ఒక ముద్రణాలయమున టైపు చేసిన పెండ్లిపత్రికను మఱియొకచోట తెఱచినచో వధూవరుల పేర్లకు బదులు అర్థములేని ఆంగ్లపు గుర్తులు కనబడెడివి. 1991లో ప్రకటింపబడిన యూనికోడ్ అను పద్ధతి ప్రతి యక్షరమునకు లోకమంతటికి నొకే సంఖ్యను ఏర్పఱచినది. అందు మన ‘అ’కారమునకు 3077 సంఖ్య. అయినను సంఖ్య యొక్కటియే చాలదు. ‘స్త్రీ’ అను అక్షరమును చూడుడు. కంటికి ఒకటియే, యంత్రములోపల సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈత్వము అని ఆఱు సంఖ్యలు. వానిని కూర్చి, ఒత్తులను తలకట్టులను తగుచోట నిలుపు పనిని 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ చేయగలిగెను. అందులోని తెలుగు ఫాంటునకు గౌతమి యని పేరు.

ఆ సంస్థకు 2014 నుండి అధిపతి హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల. వారి తండ్రి యుగంధర్ గారి స్వగ్రామము అనంతపురము జిల్లాలోని బుక్కాపురము. ఇది మనకు సంతోషకరమే. కాని గుణదోషవిచారమున బంధుత్వము లెక్కకు రాదు.

ఇక కొఱతలు. వానిలో ముఖ్యమైనది ఆ వ్యాప్తినుండియే పుట్టినది. మన మెట్టపొలములలో ఎటుచూచినను వేరుసెనగయే వేసిన యేడు, ఒక చేనికి పట్టిన తెగులు గట్లు దాటి అన్ని చేలకును పాకును. అందఱును ఒకే సిస్టమును వాడినప్పుడు దొంగ ఒక్క కన్నమును కనిపెట్టిన చాలును. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము లోకమున వ్యాపించి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములలో చొచ్చి, అందలి పత్రములను ఎవ్వరును చదువజాలని గూఢలిపిగా మార్చి, 300 డాలర్లు చెల్లింపుమని తెరమీద వ్రాసెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దానికి చిక్కెను. ఆ కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14వ తేదీననే యిచ్చియుండెను. చేర్చుకొననివారే ఎక్కువగా నష్టపడిరి.

ఇట్టి సవరణలు ప్రతినెల రెండవ మంగళవారమున వెలువడును. అవి అవసరమే. కాని దరఖాస్తునకు తుదిగడువు సాయంకాలము ఐదు గంటలైనప్పుడు, వరుసలో ఇరువదిమంది యుండగా, యంత్రము తెరమీద చుక్కల చక్రము త్రిప్పుచు కూర్చున్నచో ఎవరికి ఓర్పుండును? నడుమ కరెంటు పోయినచో ఇక చెప్పనేల!

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను వేఱొక సంస్థ తన రక్షణప్రోగ్రామునకు పంపిన లోపభూయిష్టమైన సవరణవలన 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర చూపి నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ఆనాడు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. తప్పు మైక్రోసాఫ్టుది కాదు. కాని అన్యుల ప్రోగ్రామును తన గర్భగృహమువఱకు రానిచ్చు నిర్మాణము విండోసుది.

వీనికంటె మన పాఠశాలలకు దగ్గఱి చిక్కు మఱియొకటి కలదు. 2015లో వచ్చిన విండోస్ 10 రకమునకు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఇండ్లలో వాడువారికి మఱి యొక యేడాది గడువు మాత్రమే యీయబడినది. తరువాతి రకమగు విండోస్ 11 టీపీఎం అను రక్షణ చిప్పును, కొత్త ప్రాసెసరును కోరును. 2016లో కొన్న కంప్యూటరు ఎంత చక్కగా నడుచుచున్నను దానిని స్వీకరింపదు. ఎద్దు బలముగానే యున్నది, కాడి మార్చితిమి గావున ఎద్దును అమ్ముకొనుమనినట్లున్నది. ధనికులకిది చిన్న మాట. గది నిండ పాత యంత్రములున్న పల్లెబడికి ఇది పెద్ద వ్యయము.

అట్టి బడికి లినక్స్ అను మార్గము కలదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ సిస్టమునకు వెల లేదు. ఎవరైనను మార్చుకొనవచ్చును. మనదేశమున సీడాక్ సంస్థ బాస్ అను పేర దీని రకము నొకటి సిద్ధము చేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు లినక్సుతోనే కంప్యూటరు విద్య నేర్పుచున్నవి. దీనికిని కొఱతలు లేకపోలేదు. విండోసుకొఱకే చేసిన తెలుగు ముద్రణ ప్రోగ్రాములు కొన్ని ఇందు సరిగా నడువవు. బాగుచేయువాడు ఊరిలో దొరకుట అరుదు. కావున అట్టి ప్రోగ్రాములపై బ్రదుకు దుకాణదారు కొత్త యంత్రము కొని విండోసులోనే యుండుట మేలు. వ్యాసము వ్రాయుట, పట్టికలు వేయుట, బొమ్మలు గీయుట నేర్చు పిల్లలకు పాత యంత్రమున లినక్స్ చాలునని నా యభిప్రాయము.

దానిని పరీక్షించుటకు విండోసును తుడిచివేయ నక్కఱలేదు. ఒక పెన్‌డ్రైవులో లినక్సును ఎక్కించి, అందుండియే యంత్రమును ఆరంభింపవచ్చును. నచ్చనిచో పెన్‌డ్రైవును తీసివేసిన మరల విండోసే వచ్చును. శాశ్వతముగా మార్చుటకు ముందుమాత్రము పిల్లల పత్రముల నన్నిటిని వేఱొకచోట నకలు చేసికొనవలెను. విండోసులో యూనికోడ్ పద్ధతిని వ్రాసిన తెలుగు వ్యాసము అచ్చటను చదువవచ్చును. ‘అ’కారము అక్కడను 3077 సంఖ్యయే.